“ఇంప్లాంటు పెట్టించుకున్నవారు నిర్లక్ష్యం వల్లే మళ్ళీ రారు” అన్న వాదనకు ఖండన

పోయిన పన్ను స్థానంలో దవడ ఎముకలో బిగించే టైటానియం వేరులాంటి ఇంప్లాంటు పెట్టించుకుని, దాని మీద పన్ను ఆకారంలో క్యాపు వేయించుకుని వెళ్ళినవారిలో చాలామంది తర్వాతి పరీక్షలకు రారన్నది దంతవైద్యులందరికీ తెలిసిన విషయమే. దానికి కారణంగా దంతవైద్యుల మధ్య ఎక్కువగా పంచుకునే వాదన ఒకటుంది. రోగులకు నిర్లక్ష్యమనీ, ముందే అన్నీ చెప్పినా పెడచెవిన పెడతారనీ, వేలకు వేలు పోసినవారికి చెకప్ ఫీజు ఒక లెక్క కాదనీ, నిజంగా ఇబ్బంది ఉంటే వారే పరుగెత్తుకొస్తారనీ, కనుక ఇంప్లాంటు ఊడితే బాధ్యత పూర్తిగా వారిదేననీ ఆ వాదన చెబుతుంది. పరీక్షలకు రావడం అవసరమన్నంతవరకు ఇందులో సత్యముంది. రాకపోవడానికి చూపిన కారణాలు మాత్రం నిలబడవు.

“ఇబ్బంది ఉంటే వారే వస్తారు” అన్న మాటను ముందుగా చూడాలి, ఎందుకంటే మిగిలిన వాదనంతా దీని మీదే ఆధారపడింది. సహజమైన పన్నుకూ దవడ ఎముకకూ మధ్య సన్నని నారపొర ఉంటుంది. ఇంప్లాంటుకు అది ఉండదు. టైటానియం ఎముకతో నేరుగా అతుక్కుంటుందని స్వీడన్‌కు చెందిన పరిశోధకుడు బ్రోనెమార్క్ 1952లో కుందేళ్ళ ఎముకల మీద చేస్తున్న ప్రయోగాల్లో గమనించిన నాటినుంచి ఈ వైద్యానికి బలం ఆ అతుకే. అయితే ఇంప్లాంటు చుట్టూ పాచి పేరుకుని చిగురు వాచినప్పుడు, ఆ వాపు ఎముకలోకి దిగినప్పుడు కూడా చాలామందికి నొప్పి తెలియదు. తోముకునేటప్పుడు కాస్త రక్తం కనిపిస్తే బ్రష్ గట్టిగా తగిలిందనుకుంటారు. ఇంప్లాంటే కదలడం మొదలైందంటే ఎముకతో ఉన్న అతుకు అప్పటికే పోయిందని అర్థం. (కదిలేది క్యాపు మాత్రమే అయితే లోపలి స్క్రూ వదులై ఉండవచ్చు, అది తేలికగా బిగించగలిగే పని. ఈ రెండింటికీ తేడా రోగికి ఇంట్లో తెలియదు.) నొప్పి లేని జబ్బుకు నొప్పి పుట్టాక రమ్మనడం వైద్యం తెలిసినవారు అనవలసిన మాట కాదు.

ఈ జబ్బు అరుదైనదీ కాదు. అప్పటికి అందుబాటులో ఉన్న అధ్యయనాలను కలిపి 2015లో చేసిన ఒక సమీక్షలో, ఇంప్లాంటు ఉన్నవారిలో సగటున 43 శాతం మందికి చిగురు వరకే పరిమితమైన వాపు, 22 శాతం మందికి ఎముకను తినేసే వాపు ఉన్నట్టు తేలింది. బ్రెజిల్‌లో చిగురు వాపు ఉన్న 80 మందిని 5 సంవత్సరాల తర్వాత మళ్ళీ పరీక్షించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, క్రమంగా క్లీనింగ్‌కు వచ్చినవారిలో 18 శాతానికి, రానివారిలో దాదాపు 44 శాతానికి వాపు ఎముకలోకి దిగింది. క్రమంగా వచ్చేవారు ఇంట్లో కూడా శ్రద్ధగా తోముకునే మనుషులై ఉండవచ్చు కాబట్టి ఆ తేడా మొత్తాన్నీ క్లీనింగ్ ఖాతాలోనే వేయలేము. అయినా కొట్టిపారేయదగిన తేడా కాదు.

“ముందే చెప్పాం” అన్నది రెండో మాట. ఎప్పుడు చెప్పారు? సాధారణంగా శస్త్రచికిత్స రోజున, నోరు మొద్దుబారి, పంటి కింద దూది కరచుకుని ఉన్న మనిషికి, మందుల చీటీతో పాటు చెబుతారు. అంతకు ముందే ప్రకటనలోనూ, క్లినిక్ గోడ మీదా “జీవితాంతం”, “పర్మనెంట్” అన్న మాటలు అతను చదివి ఉంటాడు. 1965లో తొలిసారి ఇంప్లాంట్లు పెట్టించుకున్న స్వీడన్ వ్యక్తికి అవి 2006లో మరణించేవరకు పనిచేసిన మాట నిజమే. టైటానియం పుచ్చిపోదన్నదీ నిజమే. పుచ్చనిదీ, జీవితాంతం ఉండేదీ అయినప్పుడు మళ్ళీ చూపించుకోవడం ఎందుకని రోగి అనుకుంటే, అది దంతవైద్యులమైన మనం చెప్పిన మాటలనుంచే అతను తీసిన ముగింపు.

ఫీజు విషయానికి వస్తే, చెకప్‌కు అయ్యే ఖర్చు ఆ ఫీజు ఒక్కటే కాదు. పల్లెలో ఉండే తల్లిని నగరానికి తీసుకురావడానికి కొడుకు సెలవు పెట్టాలి, రానుపోను ఛార్జీలు పెట్టుకోవాలి, ఒక రోజు పని పోతుంది. మన దేశంలో ఆరోగ్య బీమా పాలసీలు చాలావరకు ఇటువంటి దంత చికిత్సకు డబ్బివ్వవు. ప్యాకేజీలో శస్త్రచికిత్స, క్యాపు కలిపి చెబుతారే తప్ప తర్వాతి సంవత్సరాల ఖర్చు చెప్పరు. ఉచితంగా చూస్తామన్నా, చూశాక ఎంత బిల్లు చెబుతారోనన్న జంకు ఉండనే ఉంటుంది. వాయిదాల్లో కడుతున్న కుటుంబానికి ఆ జంకు చిన్నది కాదు.

ఈ వాదన అసలు పట్టించుకోని కారణం మరొకటుంది: ఎవరి దగ్గరకు వెళ్ళాలి? మన ఊళ్ళలోని చాలా క్లినిక్‌లలో ఇంప్లాంటు పెట్టేది బయటినుంచి వచ్చి వెళ్ళే కన్సల్టెంటు. ఆయన రావడం మానేస్తే రోగి ఫైలు మిగులుతుంది, పని చేసిన చెయ్యి ఉండదు. అమెరికానుంచి సెలవుల్లో హైదరాబాదుకో విజయవాడకో వచ్చి, ఎముక అతుక్కునేందుకు కొన్ని నెలలు విడిచి, మరో సెలవులో క్యాపు వేయించుకుని వెళ్ళే తెలుగువారిది ఇంకో చిక్కు. ఇంప్లాంటు ఏ కంపెనీదో తెలియకపోతే దాని స్క్రూకు సరిపడే పనిముట్టు ఏదో అక్కడి వైద్యుడికి తెలియదు, అందుకే ముట్టుకోవడానికి వెనుకాడతాడు. అలా వైద్యులు వెనక్కి పంపిన రోగులను నిర్లక్ష్యపరులనడం అన్యాయం.

రోగికి బాధ్యతే లేదని నేను అనను. సరిగా తోముకోకపోవడం, క్రమంగా క్లీనింగ్‌కు రాకపోవడం, గతంలో తీవ్రమైన చిగుళ్ళ జబ్బు ఉండటం ఈ వాపుకు దారితీస్తాయని 2017లో అంతర్జాతీయ నిపుణుల సదస్సు స్పష్టంగానే చెప్పింది. కానీ సన్న బ్రష్ దూరని ఆకారంలో క్యాపు చేయడం, క్యాపును అతికించే సిమెంటును చిగురు కింద వదిలేయడం రోగి చేసేవి కావు. క్యాపు బిగించిన రోజున ఎక్స్‌రే తీయకపోతే తర్వాత ఎముక ఎంత తగ్గిందో పోల్చడానికి ఆధారం ఉండదు. ఆ లోపమూ రోగిది కాదు.

కనీసం 5, 6 నెలలకొకసారి పరీక్ష అవసరమని 2016లో వచ్చిన ఒక సమీక్ష సూచించింది. ఆ లెక్కన, క్యాపు బిగించిన రోజునే తర్వాతి పరీక్ష తేదీ, మొదటి కొన్ని సంవత్సరాల ఖర్చు రాసి ఇవ్వడంతో పాటు, కంపెనీ పేరు, ఇంప్లాంటు సైజు, బ్యాచ్ నంబరు ఉన్న కార్డునూ ఆ తొలి ఎక్స్‌రే ప్రతినీ రోగి చేతికి అందించడానికి క్లినిక్‌కు పెద్దగా ఖర్చు కాదు. ఇవన్నీ ఇచ్చాక కూడా రానివారి గురించి అప్పుడు మాట్లాడవచ్చు.