బాధ్యత కొండంత, అధికారం గోరంత

మత్తులో ఉన్న కుక్కకు ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ వైద్యుడి చూపు కోత మీదే ఉంటుంది. ఆ సమయంలో దాని శ్వాసను, గుండె వేగాన్ని, రక్తపోటును, చిగుళ్ల రంగును కనిపెట్టుకొని ఉండే మనిషి వెటర్నరీ టెక్నీషియన్. చిగుళ్లు పాలిపోతున్నాయనీ, ఊపిరి మందగిస్తున్నదనీ మొదట పసిగట్టవలసినదీ, వైద్యుడి సూచన మేరకు మత్తు వాయువును తగ్గించవలసినదీ ఆ వ్యక్తే. అయినా పశువైద్యశాలకు వచ్చేవారిలో చాలామందికి వారు జంతువును కదలకుండా పట్టుకునే సహాయకులుగానే కనిపిస్తారు. ఈ వృత్తిలోని కష్టాలలో ఎక్కువ వాటికి మూలం ఈ అంతరమేనని నా అభిప్రాయం.

రోగ నిర్ధారణ, మందులు రాయడం, శస్త్రచికిత్స, జబ్బు ఎటు తిరుగుతుందో చెప్పడం సాధారణంగా వైద్యుడికే పరిమితం. రక్తం తీయడం, మందులు ఎక్కించే సన్నని గొట్టాన్ని (కాన్యులా) సిరలో అమర్చడం, ఎక్స్‌రేలు, మలమూత్ర పరీక్షలు, పళ్లు శుభ్రం చేయడం, కట్లు మార్చడం, యజమానికి జాగ్రత్తలు వివరించడం టెక్నీషియన్ల పని. మనుషుల ఆసుపత్రిలో నర్సు, ల్యాబ్ టెక్నీషియన్, రేడియోగ్రాఫర్ విడివిడిగా చేసేవి ఇక్కడ ఒకే జత చేతుల మీదుగా జరుగుతాయి. పైగా రోగి ఒకే జాతికి చెందినది కాదు. ఆపరేషన్‌కు ముందు కుక్కకు ఆహారం ఆపాలి; వాంతి చేసుకోలేని కుందేలుకు అదే పద్ధతి పాటిస్తే దాని పేగుల కదలికే నిలిచిపోవచ్చు. మనుషులు జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ పిల్లిని చంపగలదు. ఇంతటి జ్ఞానం అవసరమైన పనిని కేవలం చేతిసాయంగా చూడడం అన్యాయం.

శరీరానికి పొంచి ఉన్న ప్రమాదాలు తెలియనివేమీ కావు. పిల్లి కాటును చాలామంది తేలిగ్గా తీసుకుంటారు గానీ, సూదుల్లాంటి ఆ పళ్లు పాశ్చురెల్లా వంటి బ్యాక్టీరియాను స్నాయువుల దాకా, కీళ్ల దాకా దించుతాయి. పైన చుక్కంత గాయం కనిపిస్తుండగానే కొన్ని గంటల్లో చెయ్యి వాచిపోతుంది. మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్, పశువుల ప్రసవ సమయంలో బ్రూసెల్లోసిస్, బొచ్చు ద్వారా తామర సోకవచ్చు. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కు దాదాపు చికిత్స లేదు కనుక, కాటుకు ముందే వేయించుకోవలసిన టీకా వీరికి అత్యవసరం. ఎక్స్‌రే తీసేటప్పుడు జంతువుకు తగిన మత్తు ఇచ్చి అందరూ గది బయటికి వెళ్లగలిగే సందర్భాలలో కూడా, తొందర వల్ల చేతులతో పట్టుకొనే తీస్తుంటారు. ఆ తొందర ఖరీదు ఎవరి ఒంటి మీద పడుతున్నదో యాజమాన్యాలు ఆలోచించాలి.

అయితే అన్నిటికన్నా లోతైన గాయం కంటికి కనిపించదు. ఒక గదిలో కుక్కపిల్లకు మొదటి టీకా వేయిస్తూ నవ్విన మనిషే, కొద్ది నిమిషాల్లో పక్క గదిలో ముసలి కుక్క కాలు పట్టుకొని, నొప్పి లేకుండా ప్రాణం తీసే పెంటోబార్బిటాల్ మందు ఎక్కించడానికి సిర చూపించాలి. నయంకాని బాధనుంచి విముక్తి కలిగించే కారుణ్య మరణాన్ని వారిలో చాలామంది సేవగానే భావించగలరు. నయమయ్యే జబ్బుకు డబ్బు చాలక ప్రాణం తీయవలసి వచ్చినప్పుడు మాత్రం ఆ ఓదార్పు ఉండదు. చేయవలసినదేమిటో తెలిసీ పరిస్థితులు చేయనీయని స్థితిని తత్త్వవేత్త ఆండ్రూ జేమ్‌టన్ 1984లో, నర్సుల వృత్తిని పరిశీలిస్తూ, నైతిక వేదనగా గుర్తించారు. ఆ నిర్వచనం వీరికి అక్షరాలా సరిపోతుంది. నిర్ణయం యజమానిది, సలహా వైద్యుడిది. ఆఖరి శ్వాస ఆగడం అరచేతికి తెలిసేది మాత్రం టెక్నీషియన్‌కు.

బ్రిటన్‌లో పశువైద్య వృత్తిని నియంత్రించే రాయల్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ సర్జన్స్ 1961లోనే ఈ తరహా సహాయకులకు శిక్షణ పథకం ప్రారంభించింది. దశాబ్దాలు గడిచాక కూడా ‘వెటర్నరీ నర్స్’ అనే పేరుకు చట్టరక్షణ కావాలని అక్కడివారు అడగవలసి వచ్చింది. అమెరికాలో ఈ వృత్తి నియమాలు రాష్ట్రానికొక తీరుగా ఉన్నాయి. చదువుకున్నవారికీ చదువుకోనివారికీ ఒకే పేరు చెల్లితే జీతంలోనూ తేడా ఉండదు. మత్తు పర్యవేక్షణ నేర్చినవారు బోనులు కడుగుతూ, ఫోన్లు ఎత్తుతూ కాలం గడుపుతారు. మూగజీవాల మీద ప్రేమతోనే వచ్చారు కదా అనే మాట తక్కువ జీతానికి సాకుగా మారడం నన్ను ఎక్కువగా బాధిస్తుంది. ఆ ప్రేమ ఉన్నవారే అలసిపోయి ముందుగా వెళ్లిపోతున్నారు. వారు వదిలిన షిఫ్టులు మిగిలినవారి మీద పడుతున్నాయి.

దీనిని సరిదిద్దడానికి చట్టాలు మారేదాకా ఆగనక్కరలేదు. నేర్చిన పనిని వారికే అప్పగించడం, రేబిస్ టీకా ఖర్చును యాజమాన్యమే భరించడం, చికిత్స ఆపే నిర్ణయానికి ముందు గదిలోని టెక్నీషియన్ అభిప్రాయాన్ని కూడా వైద్యుడు అడగడం, ఒక ప్రాణం పోయాక తర్వాతి రోగిని పిలిచేలోపు వారికి పది నిమిషాల వ్యవధి ఇవ్వడం రేపటినుంచే మొదలుపెట్టగల పనులు.