డైమన్‌లో ఆసూ రాజూ లేకుండా ఆరు ఇస్పేట్లా?

"బ్యాడ్ లక్" అన్న మాట మా బ్రిడ్జ్ పేకాట టేబుల్ దగ్గర ఇక వినపడకూడదు. రెండు వారాలుగా మనసులో పెట్టుకుని తిరుగుతున్నా, ఇవాళ రాసేస్తున్నా.

తిరుపతి బైరాగిపట్టెడలో ఒక మిద్దె మీది గదిలో ఆదివారం మధ్యాహ్నాలు ఎనిమిది మందిమి చేరతాం. రెండు టేబుళ్లు, టీముల ఆట. నా పార్ట్‌నర్ నాకంటే పదేళ్లు పెద్ద. ఆయన ముక్క వేసే తీరు చూసే నేను ఆట నేర్చుకున్నా. స్లామ్ దగ్గరికి, అంటే పదమూడు ట్రిక్కుల్లో (నలుగురూ ఒక్కో ముక్క వేసే చుట్టు ఒక ట్రిక్కు) పన్నెండో పదమూడో తెస్తామని వేలం చెప్పే దగ్గరికి వస్తే మాత్రం ఆయనతో నాకు పేచీ.

ఆ రోజు నా చేతిలో ఇస్పేటు ఆసు, జాకీతో నాలుగు ముక్కలు, ఆటీను రాజు, రాణితో మూడు, కళావరు రాజు, రాణితో నాలుగు. డైమన్‌లో రాణి, ఐదు, అంతే. ఆసుకు నాలుగు, రాజుకు మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి చొప్పున మొత్తం 17 పాయింట్లు. ఆయన వేలం ఒక ఇస్పేటుతో మొదలుపెట్టారు. ఇస్పేటే తురుపని ఇద్దరికీ ఖాయమయ్యాక, క్షణం ఆగకుండా ఫోర్ నో ట్రంప్ అనేశారు. ఆసులెన్ని అని అడగడమన్నమాట, దీన్నే బ్లాక్‌వుడ్ అంటారు. నాది ఒకటే, దానికి జవాబుగా ఐదు డైమన్ అన్నా. ఆయనకు రెండున్నాయి. బయట ఉన్నది ఒక్క ఆసే కదా అని ఆరు ఇస్పేట్లకు, అంటే పన్నెండు ట్రిక్కులకు వెళ్లిపోయారు.

ఆయన ఎడమ పక్కనున్న మనిషి డైమన్ ఆసు వేశాడు. నేను ముక్కలు పరిచా. పైన నా రాణి, ఐదు, ఆయన చేతిలో ఎనిమిది, నాలుగు. రెండో ముక్కగా డైమన్ రాజు పడింది. మిగతా పదకొండు ట్రిక్కులూ మావే. పక్క టేబుల్‌లో అవే ముక్కలతో నాలుగు ఇస్పేట్లలో (పది ట్రిక్కులు చాలు) ఆగి, పదకొండు తెచ్చి 450 రాసుకున్నారు, మాకు మైనస్ 50. పదకొండు ఇంప్‌లు (రెండు టేబుళ్ల తేడాను బట్టి ఇచ్చే టీము పాయింట్లు) పోయాయి. ఆయన ముక్కలు సర్దుతూ "బ్యాడ్ లక్" అన్నారు.

ఇందులో లక్ ఎక్కడుంది సార్? బ్లాక్‌వుడ్ ఎన్ని ఆసులున్నాయో చెబుతుంది, ఎక్కడున్నాయో చెప్పదు. చేతిలో ఒక రంగు రెండు చిన్న ముక్కలతో బోసిగా ఉంటే, ఆసుల లెక్క అడిగి ఏం లాభం? ఆసో రాజో ఉన్న రంగు ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోవాలి. మీరు నాలుగు కళావరు అంటే నేను డైమన్ దాటేసి నాలుగు ఆటీను అనేవాణ్ణి. డైమన్ నాకూ లేదని అక్కడే తెలిసిపోయేది, నాలుగు ఇస్పేట్లలో ఆగేవాళ్లం.

అసలు బాధ ఆ తర్వాతి ఆదివారానిది. ఈసారి కంట్రోల్స్, అంటే ఆసో రాజో ఉన్న రంగులు, అన్నీ చెప్పుకున్నాం, అన్నీ ఉన్నాయి. ఇద్దరికీ కలిపి తురుపులు ఎనిమిది, ఆసు, రాజు, రాణి మావే. ఎదుటివాళ్ల ఐదు తురుపులూ మూడు, రెండుగా చీలితే పన్నెండు ట్రిక్కులు ఖాయం. నూటికి 68 సార్లు అలాగే చీలుతాయి. ఆయన నాలుగు ఇస్పేట్లలో ఆగిపోయారు. పన్నెండు ట్రిక్కులు వచ్చాయి. "పోతే పోయింది, కాంట్రాక్టు పోలేదు కదా" అన్నారు.

పోయింది సార్. వల్నరబుల్ (బోనస్, జరిమానా రెండూ పెరిగే స్థితి) కానప్పుడు ఆరు ఇస్పేట్లు చేస్తే 980, నాలుగులో ఆగి పన్నెండు తెస్తే 480. తేడా 500. ఆరు చెప్పి ఒకటి పోగొట్టుకుంటే మైనస్ 50, నాలుగులో ఉంటే 450. అక్కడా తేడా 500. వల్నరబుల్ అయితే రెండు వైపులా 750. వచ్చేదీ పోయేదీ సమానమైనప్పుడు, సగానికి పైగా ఆశ ఉంటే స్మాల్ స్లామ్ (పన్నెండు ట్రిక్కులు) చెప్పాల్సిందే. గ్రాండ్ స్లామ్ (పదమూడూ) వేరు, దానికి ఇంకా గట్టి భరోసా కావాలి. ఆ రోజు తురుపులు నాలుగు, ఒకటిగా చీలి స్లామ్ పోయినా నేను ఇదే మాట అనేవాణ్ణి. పోయిన స్లామ్ తప్పు స్లామ్ కాదు, వచ్చిన స్లామ్ మంచి స్లామ్ కానక్కర్లేదు.

పేకాటకు ఇంత రాద్ధాంతమా అని ఇంట్లో అంటున్నారు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ మనకు బంగారు పతకం తెచ్చింది ఈ ఆటలోనే. అప్పటికి బర్ధన్ గారికి అరవై ఏళ్లు. వయసైపోయింది, ఇక మారలేం అనే మాట నేను ఒప్పుకోను.

సార్, మీరు ఇది చదువుతారని తెలుసు. ఈ ఆదివారం అరగంట ముందు రండి. ముక్కలు ఆడొద్దు. మనిద్దరం పంచుకుని వేలం ఒక్కటే చెప్పుకుందాం, డైమన్ బోసిగా ఉన్న చేతులతో మొదలుపెడదాం.