ఏడో నంబరు రైలు, ఒక పగటికల

న్యూయార్క్ కుర్రకారు ఉండే ఊరని, పెళ్ళయి పిల్లలు పుట్టేదాకా అక్కడ గడిపి, ఆ తర్వాత పెరడూ రెండు కార్ల గరాజూ మంచి బడీ ఉన్న చోటికి తరలిపోవాలని అమెరికాలోని మనవాళ్ళలో ఒక స్థిరమైన అభిప్రాయం ఉంది. ఇరవై ఏళ్ళ క్రితం టెక్సాస్‌లో, డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో ఇల్లు కొన్నప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు. పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయాక, మోకాళ్ళు మొరాయించకముందే వెళ్ళి స్థిరపడవలసిన ఊరు ఏదైనా ఉంటే అది న్యూయార్కేనని, అందులోనూ ఆ నగరపు అయిదు బరోలలో (విభాగాలలో) ఒకటైన క్వీన్స్ అని నా వాదన. ఇది వాదనో పగటికలో నాకే పూర్తిగా తేలలేదు. మా ఆయన మాత్రం నిస్సందేహంగా రెండోదే అంటారు.

మా అమ్మాయి మూడేళ్ళుగా క్వీన్స్‌లోని సన్నీసైడ్‌లో ఒక చిన్న అపార్ట్‌మెంటులో అద్దెకు ఉంటోంది. తనను చూసే నెపంతో ఏడాదికి మూడు నాలుగు సార్లు వెళ్తుంటాను, వెళ్ళిన ప్రతిసారీ ఒక పూటంతా ఏడో నంబరు రైలుకే అంకితం చేస్తుంటాను. మన్‌హటన్ నేలకింద బయలుదేరి, ఈస్ట్ రివర్ అడుగునుంచి దాటి, లాంగ్ ఐలండ్ సిటీ దగ్గర ఒక్కసారిగా ఎండలోకి వచ్చి, అక్కడినుంచి ఇనుప స్తంభాల మీద ఇళ్ళ పై అంతస్తుల కిటికీలకు సమానమైన ఎత్తున సాగిపోయే ఆ రైలుకు ‘ఇంటర్నేషనల్ ఎక్స్‌ప్రెస్’ అని ముద్దుపేరు. ఆ పేరు అతిశయోక్తి కాదు. వుడ్‌సైడ్‌లో దిగితే ఫిలిప్పీన్స్ వారి బేకరీలు కనిపిస్తాయి. 74వ వీధిలో దిగితే మన చీరల కొట్లు, బంగారు కొట్లు, వాటిని ఆనుకుని బంగ్లాదేశీయుల కిరాణా దుకాణాలు, ఆ పక్కనే టిబెట్ వారి మోమోలు. ఇంకాస్త ముందుకు వెళ్తే కరోనా అనే పేట వస్తుంది. 2020లో ఆ పేరు విని ప్రపంచమంతా ఉలిక్కిపడింది కానీ, అంతకు ఎన్నో ఏళ్ళ ముందే జాజ్ సంగీత చక్రవర్తి లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1943 నుంచి 1971లో చనిపోయేదాకా కాపురమున్న మామూలు ఇల్లు అక్కడే ఉంది. ఎక్కడైనా మేడ కొనుక్కోగల మనిషి ఇరుగుపొరుగు పిల్లలు అరుగు మీదకు వచ్చి కూర్చునే ఇంటిని వదలలేదంటే, ఆ పేటలో ఏదో ఉండి ఉండాలి.

చివరి స్టేషన్ ఫ్లషింగ్. చైనా దుకాణాల సందడి దాటి కొంత దూరం నడిస్తే బౌన్ వీధి, ఆ వీధిలో మన వినాయకుడి గుడి. 1977 జులై 4న, అంటే అమెరికా స్వాతంత్ర్య దినాన, ఆ గుడికి కుంభాభిషేకం జరిగింది. ఆ ఏడాదే ఉత్తర అమెరికా తెలుగువారి తొలి మహాసభ కూడా న్యూయార్క్‌లోనే జరిగిందని ఈ పత్రిక పాఠకులలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. గుడి కింది అంతస్తులో క్యాంటీను ఉంది. అక్కడ దోసె కోసం మన తాతయ్యలూ, చైనా విద్యార్థులూ, కెమెరాలు మెడలో వేసుకున్న పర్యాటకులూ ఒకే వరుసలో నిలబడతారు. దోసె బాగుంటుంది, కాని నన్ను ఆ వీధికి మళ్ళీ మళ్ళీ రప్పించేది దోసె కాదు, ఆ వీధి పేరు.

డచ్చివారి పాలనలో ఉన్న ఆ ప్రాంతంలో, గవర్నర్ పీటర్ స్టయివెసెంట్ క్వేకర్లనే క్రైస్తవ శాఖవారి ప్రార్థనలను నిషేధించినప్పుడు, 1657 డిసెంబరులో ఫ్లషింగ్ వాసులు ముప్పైమంది ఆయనకు ఒక విన్నపం రాశారు. తమ ఊరికి వచ్చిన వారెవరినీ మతం పేరిట హింసించలేమని, ఆ ప్రేమా శాంతీ స్వేచ్ఛా యూదులకూ తురుష్కులకూ ఈజిప్షియన్లకూ కూడా చెందుతాయని అందులో ఉంది. రాసినవారిలో క్వేకర్ ఒక్కరూ లేకపోవడమే ఆ విన్నపంలోని గొప్పతనం. పరాయివారి పూజ కోసం తమ మెడ మీదికి తెచ్చుకున్నారు. సంతకం చేసినవారిలో కొందరిని నిర్బంధించారు. అయిదేళ్ళ తర్వాత, 1662లో, జాన్ బౌన్ అనే రైతు తన ఇంట్లో క్వేకర్లకు చోటిచ్చినందుకు అరెస్టయి, దేశబహిష్కృతుడై, హాలండ్ చేరి, అక్కడ, ఆ వలసను నడిపే డచ్ వెస్టిండియా కంపెనీ పెద్దల ముందు తన కేసు వాదించుకుని గెలిచి తిరిగివచ్చాడు. ఆయన ఇల్లు ఇప్పటికీ ఆ వీధిలోనే నిలిచి ఉంది. ఇంట్లో ప్రార్థన చేయనిచ్చినందుకు జైలుకు వెళ్ళిన మనిషి పేరున్న వీధిలోనే మన గణపతి కొలువుదీరాడన్న సంగతి తెలిసిన నాడు, ప్రదక్షిణం చేస్తున్నంతసేపూ నాకు వేరే ఆలోచన రాలేదు. తమాషా ఏమిటంటే, మన పిల్లలు పోటీపడి సీటు తెచ్చుకోవాలని తహతహలాడే ఉన్నత పాఠశాలకు స్టయివెసెంట్ పేరు ఉంది. బౌన్ పేరిట ఉన్న బడిలో పిల్లలు వ్యవసాయం నేర్చుకుంటారు, కోళ్ళు పెంచుతారు. చరిత్ర ఎవరికి ఏ బహుమతి ఇస్తుందో చెప్పడం కష్టం.

మెట్రోపాలిటన్ మ్యూజియం సంగతి కూడా చెప్పాలి. 2023లో జులై నుంచి నవంబరు దాకా అక్కడ ‘ట్రీ అండ్ సర్పెంట్’ అనే పేరుతో తొలినాటి బౌద్ధ శిల్పాల ప్రదర్శన జరిగింది. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలతో పాటు సూర్యాపేట జిల్లా ఫణిగిరి తవ్వకాలలో బయటపడిన తోరణపు రాళ్ళు కూడా వచ్చాయి. హైదరాబాదులో పుట్టి పెరిగిన నేను, కారెక్కితే మూడు గంటలు పట్టని ఫణిగిరికి ఒక్కసారైనా వెళ్ళలేదు. ఫిఫ్త్ అవెన్యూలో 30 డాలర్ల టిక్కెట్టు కొనుక్కుని మొదటిసారి ఆ రాళ్ళను చూశాను. సిగ్గుపడ్డాను, సంతోషపడ్డాను కూడా. నా పక్కన నిలబడిన ఒక ముసలి జంట ఒక్కో పలకనూ అంత ఓపిగ్గా చూస్తుంటే మాట కలిపాను. వారు న్యూయార్క్ రాష్ట్రవాసులు కాబట్టి టిక్కెట్టుకు తోచినంత ఇచ్చి వస్తారు, ఆ ప్రదర్శనకు అది వారి నాలుగో రాక. నాకున్నది మూడు గంటలు, వారికున్నది నాలుగు నెలలు. ఒక నగరపు సంస్కృతిని చూసి రావడానికీ అందులో కాపురముండడానికీ ఉన్న తేడా నాకు అక్కడే అర్థమయింది, పగటికల కూడా అక్కడే మొదలయింది.

మనం కట్టుకున్న జీవితాన్ని చులకన చేయడం నా ఉద్దేశం కాదు. ఫ్రిస్కోలో నాకు లేనిది లేదు. గోంగూర దొరుకుతుంది, గుడి ఉంది, నెలకు నాలుగు పూజల పిలుపులు వస్తాయి, కూచిపూడి గురువులూ ఉన్నారు. అయితే ఆ సౌఖ్యంలో ఒక ఏర్పాటు దాగి ఉంది: మనకు తెలియని మనిషి మనకు తారసపడకుండా జీవితాన్ని అమర్చుకున్నాం. గరాజులో కారెక్కితే ఇంకో గరాజులోనో పార్కింగులోనో దిగుతాం. డాలస్ ప్రాంతపు రవాణా సంస్థ డార్ట్‌లో మా ఊరికి సభ్యత్వం లేదు కాబట్టి ఆ రైలు మా దాకా రాదు. రాకపోవడమే మేలని వాదించే ఇరుగుపొరుగు వారు నాకు తెలుసు.

ఈ అమరికకు మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో తెలుసుకోవాలంటే మన ఇళ్ళకు ఆరు నెలల కోసం వచ్చే అమ్మానాన్నలను చూస్తే చాలు. మా మామగారు విజయవాడలో పొద్దున్నే లేచి పాలప్యాకెట్టుకు వెళ్ళి, పేపరు కొట్టు దగ్గర నలుగురితో రాజకీయం మాట్లాడి, గంట తర్వాత ఇల్లు చేరే మనిషి. మా ఇంట్లో ఆయన ముందు గది కిటికీ దగ్గర కూర్చుని, “ఈ ఊళ్ళో మనుషులు ఉంటారంటావా అమ్మా?” అని అడిగారు. నేను నవ్వేశాను. ఆయన హాస్యానికి అనలేదని ఇప్పుడు తెలుస్తోంది, ఎందుకంటే మరో ఇరవై ఏళ్ళకు కారు తాళాలు లాక్కుని నన్ను ఆ కిటికీ దగ్గరే కూర్చోబెడతారు. మన సంఘాలు వృద్ధుల కోసం వైద్య శిబిరాలు పెడుతున్నాయి, సంతోషమే, కానీ డెబ్బై ఏళ్ళ మనిషి ఎవరి సాయమూ అడగకుండా ఇల్లు కదిలి ఒక గ్రంథాలయానికో గుడికో టీకొట్టుకో వెళ్ళివచ్చే వీలు ఏ ఊళ్ళో ఉందన్న ప్రశ్న మన సభల్లో నేను ఇంతవరకు వినలేదు. న్యూయార్క్‌లో 65 నిండినవారికి రైలుకూ బస్సుకూ సగం ధరే.

కొంతవరకు ఇది హైదరాబాదు మిగిల్చిన ఆకలి కూడా కావచ్చు. కోఠిలో గుజరాతీ గల్లీ, ఇరానీ హోటల్లో ఉర్దూ, ఇంట్లో కోస్తా తెలుగు, వీధిలో తెలంగాణ తెలుగు, బడిలో కన్నడ స్నేహితురాలు. వీటిని ఎవరూ మాకు ‘బహుళ సంస్కృతి’ అని పేరు పెట్టి నేర్పలేదు. చిన్నప్పుడు అలవాటైన రుచి పెద్దయ్యాక ఎక్కడ కనిపించినా నాలుక గుర్తుపడుతుంది.

అయితే మా అమ్మాయి నా మాటలు విని ఊరుకునే రకం కాదు. “అమ్మా, నువ్వు శనివారం న్యూయార్క్‌ను చూసి వెళ్తున్నావు, నేను ఉండేది మంగళవారం న్యూయార్క్‌లో” అంది ఒకసారి. దాని మంగళవారాల లెక్క ఇది. ఇంటి యజమానులు సాధారణంగా నెల అద్దెకు నలభై రెట్లు ఏడాది ఆదాయం చూపించమంటారు. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్నే లేదు, న్యూయార్క్‌లో రాష్ట్రానికి కట్టాక నగరానికి మళ్ళీ 3.078 నుంచి 3.876 శాతం దాకా వేరుగా కట్టాలి. నేను ముసలితనం గురించి ఉపన్యసిస్తున్న ఆ సబ్‌వేలో సగానికి పైగా స్టేషన్లకు లిఫ్టులే లేవు. 95 శాతం స్టేషన్లను 2055 నాటికి వికలాంగులకు, వృద్ధులకు అనువుగా మారుస్తామని రవాణా సంస్థ 2022లో ఒక దావా రాజీలో ఒప్పుకుంది. 2055కి నాకు ఎనభై నాలుగేళ్ళు నిండుతాయి. ఆ లిఫ్టు ప్రారంభోత్సవానికి నన్ను తప్పకుండా పిలవాలి.

ఇంకొక సంగతి హాస్యానికి లొంగదు. 2021 సెప్టెంబరు 1 రాత్రి ఐడా తుపాను అవశేషం ఆ నగరం మీద కుండపోతగా కురిసినప్పుడు బేస్‌మెంటు ఇళ్ళలో చిక్కుకుని 11 మంది నీట మునిగి చనిపోయారు. వారిలో ఎక్కువమంది క్వీన్స్‌లోనే ఉన్నారు. నేను రైలు కిటికీలోంచి చూసి మురిసిపోయే వైవిధ్యం రాత్రిపూట ఎక్కడ పడుకుంటుందో ఆ వార్త చెప్పింది. మోమోలు చేసేవారూ, దోసె పెనం దగ్గర నిలబడేవారూ, రాత్రి పదకొండింటికి సైకిలు మీద అన్నం పొట్లాలు చేరవేసేవారూ ఆ నగరాన్ని నిలబెడుతున్నారు, వారిలో చాలామందికి అక్కడి అద్దె కట్టడమే గండం. ఫ్రిస్కో ఇల్లు అమ్మిన డబ్బు మూట కట్టుకుని నాలాంటి వాళ్ళు వందలమంది దిగితే ఆ అద్దెలు తగ్గవు.

ఈ అభ్యంతరాన్ని నేను తీసిపారేయలేను. కానీ దానికి జవాబు వెళ్ళకపోవడం కాదనీ, ఎలా వెళ్తామన్నదే అసలు సంగతనీ అనుకుంటున్నాను. ఏడాదికి నెల రోజులు వచ్చి ఉండేందుకు ఒక ఫ్లాటు కొని, మిగతా పదకొండు నెలలు తాళం వేసి ఉంచేవారు ఒక రకం. పూర్తిగా తరలివెళ్ళి, ఆ నగరపు పన్ను కట్టి, అక్కడే ఓటు వేసి, 2023 చివర్లో బడ్జెట్ కోతతో గ్రంథాలయాలు ఆదివారాలు మూతపడినప్పుడు పిటిషను మీద సంతకం చేసేవారు మరో రకం. అప్పటి గొడవ తర్వాత ఆ నిధులను 2024 వేసవిలో పునరుద్ధరించారు. నాలాగా వారాంతానికి వచ్చి ఫోటోలు తీసుకునేవారి వల్ల కాదు, అక్కడ ఉన్నవారు పట్టుబట్టడం వల్ల. రెండో రకంగా వెళ్ళే పక్షంలోనే నా వాదన నిలుస్తుంది.

పోయిన వేసవిలో మా ఆయనను బతిమాలి క్వీన్స్ మ్యూజియానికి తీసుకువెళ్ళాను. 1964 ప్రపంచ ప్రదర్శన కోసం తయారుచేసిన న్యూయార్క్ నమూనా ఒక పెద్ద హాలు నిండా పరచి ఉంటుంది, అయిదు బరోలలోని ఇళ్ళూ వంతెనలూ అగ్గిపెట్టెలలా పేర్చి ఉంటాయి, లగార్డియా విమానాశ్రయం దగ్గర తీగ మీద ఒక బుల్లి విమానం ఎగురుతుంది. చుట్టూ ఉన్న దారిలో నడుస్తూ నేను సన్నీసైడ్‌ను, అక్కడినుంచి ఏడో నంబరు రైలు దారిని, చివర ఫ్లషింగ్‌ను చూపించాను. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కళ్ళజోడు సర్దుకుని రెయిలింగు మీదుగా వంగి, సన్నీసైడ్ దగ్గర ఆరంతస్తుల ఇటుక భవనాల వరుసను తేరిపార చూశారు.

“వీటిల్లో లిఫ్టు ఉన్నదేదో ఈ బొమ్మలో తెలియదు కదా” అన్నారు.