మొలకది ఆకలా, తెగులా?

గడ్డి పెరిగిన మట్టిలో చెట్ల మొలకలు గిడసబారాయి కాబట్టి, అందులోని సూక్ష్మజీవులే చెట్లను ఎదగనివ్వడం లేదని నేను చదివిన ఓ వ్యాసంలో తేల్చేశారు. అంత తొందరెందుకు?

గ్రీన్‌హౌస్‌లో ఇలాంటి ప్రయోగాలు సాధారణంగా రెండు దశల్లో నడుస్తాయి. ముందు కొన్ని కుండీల్లో గడ్డి, కొన్నింటిలో చెట్టు మొక్కలు కొన్ని నెలలు పెంచుతారు. వాటిని తీసేసి అదే మట్టిలో కొత్త మొలకలు పెడతారు. ఈలోపు గడ్డి నత్రజనిని బాగా లాగేసి ఉండొచ్చు. మరి మొలక గిడసబారింది ఆకలితోనా, తెగులుతోనా? అది తేల్చడానికే స్టెరిలైజ్ చేసిన, అంటే సూక్ష్మజీవులను చంపేసిన, ఒకే రకం మట్టిలో ఆ పాత మట్టిని తోడు వేసినట్టు కొద్దిగా కలుపుతారు. అప్పుడు పోషకాలు దాదాపు ఒకేలా ఉండి, సూక్ష్మజీవులే మారతాయి. అందులోనూ తిరకాసుంది. మట్టిని స్టెరిలైజ్ చేసే ఆటోక్లేవ్ (ఒత్తిడితో కూడిన ఆవిరి యంత్రం) వేడికి చచ్చిన జీవుల్లోని పోషకాలు మట్టిలోకి వచ్చేస్తాయి.

పైగా చెట్లన్నీ ఒకటి కాదు. గడ్డి జాతులు ఎక్కువగా వేరు కణాల్లోకి చొరబడే ఆర్బస్క్యులర్ శిలీంధ్రాలతో జత కడతాయి; మొక్కకు పోషకాలు అందించే నేస్తాలవి. పైన్, ఓక్ చెట్లకు ముఖ్యంగా కావలసినవి వేరు కొసలకు తొడుగులా అల్లుకునే ఎక్టోమైకోరైజా శిలీంధ్రాలు. గడ్డి మట్టిలో అవి దొరకకపోతే పైన్ మొలకకు కొరవడింది నేస్తం. అక్కడ శత్రువు ఉండాల్సిన పనే లేదు.

నేనూ ఓసారి ఇలాంటి కుండీ బోర్లించి చూశాను. వేర్లు చుట్టలు చుట్టుకుని అచ్చం కుండీ ఆకారంలోనే ముద్దగా బయటికొచ్చాయి. ఆ మొక్క పొడవు కొలిచి అడవి గురించి చెప్పడానికి నాకైతే మనసొప్పదు.

ఇంతకీ ప్రయోగంలో వాడింది ఏ చెట్టు? వేర్వేరు చోట్ల మట్టిని విడిగా ఉంచారా, అంతా కలిపేశారా? రచయిత చెబితే బాగుండు.