"లక్ష్మి" ఎందుకు అలికినట్టు పడింది? ఫోటోషాప్ తమ్ముడికీ ప్రెస్ అన్నకీ వాదన

పెళ్లిళ్ల సీజన్, ఆఫ్‌సెట్ ప్రెస్. శుభలేఖ ప్రూఫ్‌లో ఫోటో అద్దంలా ఉంది కానీ కింద అడ్రస్ లైన్‌లో పెళ్లికూతురి తల్లి పేరు "లక్ష్మి" మాత్రం సిరా ఒలికినట్టుంది. తమ్ముడు ఫ్లెక్స్ షాపులో పని నేర్చినవాడు, ఏదైనా ఫోటోషాప్‌లోనే చేస్తాడు. అన్న ప్రెస్‌లో ప్లేట్లు (అచ్చుకి వాడే రేకులు) తీసే మనిషి.

తమ్ముడు: నా ఫైల్‌లో తప్పేముందన్నా, సైజు కరెక్ట్, అంగుళానికి 300 పిక్సెళ్ల రిజల్యూషన్, సీఎంవైకే (నీలం, గులాబీ, పసుపు, నలుపు సిరాలు), అన్నీ చూసుకునే పంపా. అక్షరాలు పాడయ్యాయంటే అది నీ మెషిన్ సంగతి.

అన్న: మెషిన్ పాడైతే ఫోటో అంత బాగా ఎలా పడింది రా? 300 అన్నది ఫోటో లెక్క. ఫోటోని చుక్కలుగా మార్చే మన స్క్రీన్ అంగుళానికి 150 లైన్లు, దానికి డబుల్ 300, అంతే. అడ్రస్ నువ్వు 7 పాయింట్లలో పెట్టావు, అంగుళానికి 72 పాయింట్లు కాబట్టి 7ని 72తో భాగించి 300తో గుణించు, 29 పిక్సెళ్లు వస్తాయి, ఆ 29లోనే పైన గుడి, మధ్యలో క్ష, కింద మ వత్తు అన్నీ ఇరుక్కుని కూర్చోవాలి, ఎక్కడ పడతాయి చెప్పు? అదే వెక్టర్‌గా, అంటే పిక్సెళ్లు కాకుండా గీతలుగా పంపితే ప్లేట్ మెషిన్ అంగుళానికి 2400 చుక్కల్లో గీస్తుంది, ఆ ఎత్తుకే 233 చుక్కలు.

తమ్ముడు: సరే, 600 పెట్టేస్తా, గొడవ వదిలిపోతుంది.

అన్న: పెట్టు, కొంచెం నయమే, ఫైల్ నాలుగింతలవుద్ది. కానీ అక్షరం అంచున మెత్తగా కనపడాలని ఫోటోషాప్ బూడిదరంగు పిక్సెళ్లు పెడుతుంది చూడు, అవి ప్లేట్ మీద బూడిదగా పడవు, స్క్రీన్ చుక్కలైపోతాయి, అంచంతా రంపంలా తయారవుద్ది. పైగా నీ నలుపు. తెర రంగులైన ఆర్‌జీబీలో టైప్ చేసి చివర్లో సీఎంవైకే చేశావు కదా?

తమ్ముడు: చేశా. నలుపు నలుపే కదా.

అన్న: కాదు నాయనా. స్వాప్ అనే అచ్చు రంగుల ప్రొఫైల్‌లో ఆ నలుపు సీ 75, ఎం 68, వై 67, కే 90 అవుద్ది, మొత్తం 300 శాతం సిరా. నాలుగు ప్లేట్లలో ఒక్కటి వెంట్రుకవాసి జరిగినా అక్షరం పక్కన ఎర్రగానో నీలంగానో నీడ తేలుద్ది. సన్న అక్షరానికి కే 100 ఒక్కటే ఉండాలి.

తమ్ముడు: ఇదంతా బాగానే ఉందన్నా, మరి పోయినసారి నీ మాట విని కోరెల్ (వెక్టర్ డిజైన్ సాఫ్ట్‌వేర్) ఫైలూ, దాని పీడీఎఫూ పంపితే ఏమైంది? ఇక్కడ అను అనే తెలుగు ఫాంట్ లేక పేర్లన్నీ ఇంగ్లిష్ చెత్త అయిపోయాయి, పూల కింద నీడ చుట్టూ తెల్ల డబ్బా వచ్చింది, తిట్లు నాకు పడ్డాయి. జేపెగ్ అయితే నేను చూసిందే పడుతుంది. ఫ్లెక్సులకి ఎన్ని వందలు పంపానో, ఒక్కడు నోరెత్తలేదు.

(ఇక్కడ నేను తమ్ముడి పక్షమే. ఈ భయం దెబ్బ తిన్నవాడికే తెలుసు.)

అన్న: ఫ్లెక్స్ రోడ్డు అవతల నుంచి చూస్తారు, 72లో ఉన్నా పర్లేదు, కార్డు చేతిలో పట్టుకుని చదువుతారు. నీ నీడ సంగతా, ఫోటో ఆర్‌జీబీలో వదిలేసి మిగతాది సీఎంవైకేలో పెట్టి పాత 1.3 వెర్షన్ పీడీఎఫ్ తీశావు, దానికి పారదర్శకత అంటేనే తెలియదు, నీడనీ కింద బొమ్మనీ ముక్కలుగా కోసి అతికిస్తుంది, అతుకు దగ్గర రంగు తేడా కొడుతుంది. 1.4 నుంచి ఆ కోత అక్కర్లేదు. లేదా నీడ, పూలు, ఫోటో, బ్యాక్‌గ్రౌండ్ అన్నీ ఫోటోషాప్‌లోనే కలిపేసి అక్షరాలు లేకుండా ఒకే బొమ్మగా తెచ్చుకో, దాని మీద కోరెల్‌లో అక్షరాలు పెట్టి కర్వ్స్ చెయ్యి, అక్షరాలు గీతల బొమ్మలైపోతాయి, ఫాంట్ అక్కర్లేదు, కాకపోతే మళ్లీ టైప్ చేసి మార్చలేవు. బొమ్మని మాత్రం అక్కడ సాగదీయకు, 1200 పిక్సెళ్ల ఫోటో 4 అంగుళాల్లో 300, 8 అంగుళాలకి లాగితే 150.

తమ్ముడు: కోసిన పీడీఎఫ్‌లో సన్న తెల్ల గీతలు కూడా కనిపించాయి, అవీ పడతాయా?

అన్న: జూమ్ చేసి చూడు, ఎంత పెంచినా గీత అంతే సన్నగా ఉంటే అది తెర చేసే మాయ, ప్లేట్ మీదకి రాదు. నీకు ఇంకా నమ్మకం లేకపోతే ఈ ప్లేట్ మూలన ఖాళీ ఉంది, అదే పేరు రెండు రకాలుగా పెడదాం, లెన్స్‌తో నువ్వే చూసుకో.

తమ్ముడు: పెట్టు. అక్షరాలు నిన్నే కోరెల్‌లో కూడా కొట్టి ఉంచా, కర్వ్స్ కూడా చేసేశా... ఉండన్నా, పెళ్లివారి మెసేజ్ వచ్చింది. ముహూర్తం రాత్రి 7.42 కాదంట, 9.42 అంట.

అన్న: కర్వ్స్ చెయ్యకముందు ఫైల్ దాచావా?

తమ్ముడు: ...