గోధుమ పనలకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ గోధుమ పనల వారి సముఖమునకు,

లండన్ నేషనల్ గ్యాలరీలో, 1750 ప్రాంతంలో ఇంగ్లీషు చిత్రకారుడు గెయిన్స్‌బరో వేసిన ‘మిస్టర్ అండ్ మిసెస్ ఆండ్రూస్’ పటంలో కుడిపక్కన కొలువైన తమరికి ఒక సందేహజీవి వ్రాయునది ఏమనగా:

తమరిని కోసిందెవరు?

ఇంగ్లండ్‌లో సడ్‌బరీ ఊరి దగ్గరి ఆండ్రూస్ వారి ఎస్టేట్‌లో మోళ్లు తాడు పట్టినట్టు బారులు తీరాయి. విత్తే యంత్రంతో సాళ్లు పెట్టిన చేనని చూడగానే తెలిసిపోతుంది. కొడవలి లేదు, కూలీ లేడు, ఎవరో మరిచిపోయిన నీళ్లకుండైనా లేదు. అంటే తమరే కోసుకుని, కట్టలు కట్టుకుని, ఒకరికొకరు ఆనుకుని నిలబడ్డారన్నమాట. ఎంత బుద్ధిమంతమైన పంట!

చోటు చాల్లేదని మాత్రం అనకండి. పటం వెడల్పు సుమారు 119 సెంటీమీటర్లు, ఎత్తు 70. దంపతులు ఎడమపక్క ఓక్ చెట్టు కింద సర్దుకున్నారు, మిగతాదంతా భూమే. గొర్రెలకు చోటు దొరికింది. 1748లో వీళ్ల పెళ్లి జరిగిన చర్చి గోపురం కూడా చెట్ల సందులోంచి తొంగిచూస్తోంది.

మనిషిని వేస్తే వచ్చే చిక్కు నాకూ తెలుసు. ఆయమ్మ నీలం గౌనుకు ఎదురుగా వాడి చొక్కా ఏ రంగుదో తేల్చాలి. అంతకన్నా, వాడు ఎటు చూస్తున్నాడో వేయాలి. కుక్కయితే బుద్ధిగా యజమాని ముఖంలోకే చూస్తోంది. కూలీ మీద అంత నమ్మకం పెట్టుకోలేం కదా.

దొరగారి చంకలో తుపాకీ ఉంది. 1671 చట్టం ప్రకారం ఏటా 100 పౌండ్లు రాబడినిచ్చే సొంత భూమి ఉన్నవారి లాంటి కొద్దిమందికే వేట హక్కు. కౌజుపిట్ట తమరి గింజలు బొక్కుతుంటే చూస్తూ నిలబడటమే కోసినవాడి వంతు.

పరిగె ఏరుకునే ఆడవాళ్లూ పిల్లలూ కూడా కనబడరు. సడ్‌బరీ ఉన్న సఫోక్ కౌంటీలోనే, టిమ్‌వర్త్‌లో పరిగె ఏరిన మేరీ హౌటన్ కేసులో, అది హక్కు కాదని 1788లో న్యాయమూర్తులు తేల్చారు. తమరి పటం ఆ తీర్పును దాదాపు నలభై ఏళ్లు ముందుగానే అమలు చేసేసింది!

గెయిన్స్‌బరోను మరీ ఆడిపోసుకోను. ఆయనకు ఇష్టం చెట్టూ పుట్టా, డబ్బులొచ్చేది ముఖాలకు. తర్వాత గుడిసెల ముందు పేదలనూ ముచ్చటగా వేశాడు. అలాంటి బొమ్మలు గోడకు తగిలించుకునే స్తోమత మాత్రం గుడిసెల్లో లేదు.

చివరగా చిన్న మనవి. ఆయమ్మ ఒడిలో కాస్త జాగా రంగు పడకుండా మిగిలిపోయింది. అక్కడికి రావలసింది వేటాడిన పిట్టా, పుట్టబోయే పాపాయా అని పండితులు ఇప్పటికీ తర్జనభర్జన పడుతున్నారు. ఆ పంచాయితీ తేలేలోగా అక్కడ ఒక కొడవలి పెట్టుకోనివ్వమని తమరు సిఫారసు చేయండి. గౌను పాడవుతుందన్న బెంగ వద్దు, తుడిచే ఇస్తాం.

ఇట్లు,
తమ విధేయుడు