గొట్టాలు వేసి చేతులు దులుపుకొంటారా?

మాల్దీవుల్లో 28 దీవులకు మంచినీటి, మురుగునీటి వ్యవస్థలు మన దేశం ఇచ్చిన సుమారు 11 కోట్ల డాలర్ల రుణంతో సిద్ధమయ్యాయి. 2024 ఆగస్టులో విదేశాంగ మంత్రి జైశంకర్, ఆ దేశాధ్యక్షుడు ముయిజ్జు కలిసి వాటిని ప్రారంభించారు. ‘ఇండియా అవుట్’ అంటూ ఓట్లడిగిన నాయకుడే మన అప్పుతో వేసిన గొట్టాల పక్కన నవ్వుతూ నిలబడటం వేరే కథ. ఫొటోలు బాగానే వచ్చాయి. మరి ఆ దీవుల్లో ఏ అర్ధరాత్రో పంపు ఆగిపోతే విప్పి చూడగల మనిషి అక్కడ ఉన్నాడా? దీనికి జవాబు వినబడేదాకా ఆ గొట్టాలను ఎవరూ విజయాల పద్దులో రాసుకోవద్దు.

పగడపు దీవిలో నదులుండవు. కురిసిన వాన ఇసుకలోకి ఇంకి, అడుగునున్న ఉప్పునీటి మీద పలచని పొరలా తేలుతుంది. బావుల్లో ఊరేది ఆ నీరే. సెప్టిక్ ట్యాంకులు ఉండేదీ ఆ ఇసుకలోనే. బావికీ మరుగుదొడ్డికీ మధ్య నాలుగడుగుల దూరమే ఉంటే ఏమవుతుందో మన పల్లెల్లో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు. రాజధాని మాలేలో భూగర్భజలం ఎప్పుడో పాడైంది, సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంటే దిక్కయింది. 2014 డిసెంబరులో అక్కడ మంటలు లేచి లక్షమందికి తాగునీరు ఆగిపోతే మన విమానాలు, ఓడలు నీళ్లు మోసుకెళ్లాయి.

పసిఫిక్‌లోని దీవుల దేశం కిరిబాటి అనుభవం ఇంకా చేదు. 1977లో దాని రాజధాని ప్రాంతమైన దక్షిణ తరావాలో కలరా ప్రబలింది. ఆ భయంతో ఆస్ట్రేలియా సాయం తీసుకుని అక్కడి బెటియో, బైరికి, బికెనిబెయు ఊళ్లలో మురుగు గొట్టాలు వేశారు. మంచినీటికే కటకట కాబట్టి మరుగుదొడ్లకు సముద్రపు నీళ్లు వాడారు. ఉప్పునీరు ఇనుమును తినేస్తుందని తెలియనిదెవరికి? అయినా ఆ పంపులను నెలనెలా చూసుకునే మనుషుల గురించి, విడిభాగాల ఖర్చు గురించి పట్టించుకున్నవాళ్లు లేరు. పంపులు మూలపడ్డాయి. సముద్రంలోకి వెళ్లే గొట్టాలు పాడై మురుగు ఒడ్డు దగ్గరే కలిసింది. చివరికి 2011లో ఆసియా అభివృద్ధి బ్యాంకు మళ్లీ డబ్బిచ్చి బాగుచేయించాల్సి వచ్చింది. కట్టడం, వదిలేయడం, మళ్లీ కట్టడం!

శిక్షణ కూడా ఇస్తున్నామని దాతలు అంటారు. చదువుకున్నవాళ్లు వలసపోతే మేమేం చేస్తామనీ అంటారు. రెండోది కొంత నిజమే. కానీ శిక్షణ ఎవరికి ఇస్తున్నారు? హోటల్ హాల్లో మూడు రోజులు ఇంగ్లిషు స్లైడ్లు చూసి సర్టిఫికెట్ పట్టుకుపోయే అధికారికి. మేన్‌హోల్ మూత ఎత్తేవాడికి, పంపుహౌస్‌లో రాత్రి డ్యూటీ చేసేవాడికి, ట్యాంకు నిండిందని మొదట గమనించే ఇల్లాలికి పిలుపు రాదు. మాల్దీవుల భాష ధివేహి మాట్లాడేవాడికి ధివేహిలో చెప్పాలన్న ఇంగితం కూడా లేకపోతే దాన్ని శిక్షణ అనడమెందుకు? టీఏ, డీఏల జాతర అంటే సరిపోతుంది.

నీతులు చెప్పే అర్హత మనకుందా అంటే, మూసీ పక్కన ముక్కు మూసుకుని నడిచే హైదరాబాదీని అడగండి. మన ఊళ్లలో ఆపరేటరుకు జీతం అందక మూలపడ్డ నీటి పథకాలను చూస్తూ కూడా పరాయి దీవిలో గొట్టం వేయగానే పని అయిపోయిందనుకోవడం ఏం తెలివి? అక్కడ మురుగు చిందితే ఊరు వదిలి పోవడానికి పక్క ఊరు కూడా ఉండదు, చుట్టూ సముద్రమే.

ఇకమీదట ఢిల్లీ రాసే ప్రతి రుణ ఒప్పందంలో పంపు ధర పక్కనే దాన్ని నడిపే స్థానికుడి పేరు, జీతం, విడిభాగాల నిధి ఉండాలి. రిబ్బను కత్తిరించడానికి మంత్రులు విమానమెక్కి వెళ్లగలిగినప్పుడు, పని నేర్పడానికి ఒక ఫిట్టర్‌ను ఏడాదిపాటు ఆ దీవిలో ఉంచలేరా?